గింబళి అనే మాట ఎక్కడ పుట్టింది?

పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వార్డెన్ సారు ఈసారి పదో తరగతి వాళ్లకి ఉపయోగపడేది ఏదైనా రాయమన్నారు. నేను చదివింది ఎం.ఏ. తెలుగు. లెక్కలు, సైన్సు చెప్పలేను. అందుకే మన హాస్టల్లో మొదలైన ఒక తగువు గురించి రాస్తున్నాను. దాని చివర ప్రకృతి వికృతులు కూడా వస్తాయి కాబట్టి పరీక్షకీ పనికొస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం టీవీలో 'మాయాబజార్' వేశారు. 1957 మార్చి 27న విడుదలైన సినిమా. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసిన కాపీయే మేము చూసింది. సినిమా అయ్యాక రాత్రి పడకల దగ్గర గొడవ. గింబళి అంటే ఏమిటి? ఒకడు అది పాతకాలపు తివాచీ పేరన్నాడు. ఇంకొకడు సంస్కృతమన్నాడు. పదో తరగతి అన్న ఒకాయన, డిక్షనరీలో చూపిస్తే తన వాటా కోడిగుడ్డు ఇచ్చేస్తానని పందెం కాశాడు. గుడ్డు వారానికి ఎన్నిసార్లు వచ్చేదో మీకు తెలుసు కనుక పందెం బరువు కూడా మీకే తెలుస్తుంది.

స్కూల్లో ఉన్న చిన్న నిఘంటువులో లేదు. విజయవాడ రామ్మోహన గ్రంథాలయానికి వెళ్లి 1885 నాటి 'శబ్దరత్నాకరం' తిరగేసినప్పటికి నేను ఇంటర్లోకి వచ్చాను. గ, గా, గి వరుసంతా వేలు పెట్టి చూశాను. లేదు. గుడ్డు దక్కలేదు. కానీ ఆ రోజు నుంచీ నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

ఆ మాటలు రాసినాయన పింగళి నాగేంద్రరావు గారు. 1901లో పుట్టి 1971లో పోయారు. మన కృష్ణా జిల్లా వాడనే చెప్పుకోవాలి, ఎందుకంటే పెరిగింది, చదివింది బందరులో. 1910లో మొదలైన అక్కడి జాతీయ కళాశాలలో చదువుకున్నారు. కొంతకాలం ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి, తర్వాత నాటకాలు, ఆపైన సినిమాలు రాశారు. ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి.రంగారావు గారు పుట్టింది నూజివీడులో. రాక్షసుడి నోట మాట పెట్టినవాడిదీ, పలికినవాడిదీ అప్పటి కృష్ణా జిల్లాయే అన్నమాట!

ఇప్పుడు గింబళి సంగతి చూద్దాం. మనం మాట్లాడేటప్పుడు ఒక మాట పక్కన దాని నీడలాంటి మాటను చేరుస్తాం. పుస్తకం గిస్తకం, అన్నం గిన్నం, చదువు గిదువు. మొదటి అక్షరం తీసేసి 'గి' పెడతాం. మొదటి అక్షరం దీర్ఘమైతే 'గీ' పెడతాం: పాలు గీలు, కూర గీర. ఈ సూత్రం ఎవరూ మనకి నేర్పలేదు, అయినా ఒక్కడూ తప్పు చేయడు. ఇదే సూత్రం కంబళికి వేయండి, గింబళి వస్తుంది. తల్పానికి వేయండి, గిల్పం వస్తుంది. ఇంతే!

అయితే పింగళి గారి తెలివి ఇక్కడితో ఆగలేదు. నీడమాట ఒంటరిగా నిలబడదు. 'గిస్తకం ఒక్కటే తీసుకురా' అంటే ఎవడూ తేలేడు. దానికి సొంత అర్థం లేదు, 'వగైరా' అన్నదే దాని పని. ఆయన ఆ నీడని విడదీసి దానికో వస్తువుని అంటగట్టారు. మామూలు కంబళి కాదు, మాయ విడిదిలోది, అందుకని గింబళి. గిరగిరా తిరుగుతుంది కాబట్టి 'గి' వచ్చిందని మా రూమ్మేట్ ఒకడు వాదించాడు. వినడానికి బాగుంది గానీ సూత్రంతో కుదిరే మాటకి కథ అల్లనక్కర్లేదు.

రెండో మాట తసమదీయులు. చినమయ్య శిష్యులకి ఉచ్చారణ నేర్పే ఘట్టం గుర్తుందా? 'అస్మదీయులు' అంటే మనవాళ్లు. సంస్కృతంలో మదీయ అంటే నాది, త్వదీయ నీది, తదీయ వాడిది, అస్మదీయ మాది, యుష్మదీయ మీది. ఈ వరుసలో 'తస్మదీయ' అనే రూపం లేదు. ఉన్న తదీయ ఏమో 'అస్మదీయ'కి ప్రాసగా అతకదు. అందుకని అస్మదీయ ముందు ఒక 'త' తగిలించి పగవాళ్లకి పేరు తయారుచేశారు. 'తస్మాత్ జాగ్రత్త' అని మనకి అలవాటైన చప్పుడు కూడా దానికి తోడు వచ్చింది కాబట్టి వింటే నిజం మాటలాగే ఉంటుంది. ఇవాళ దినపత్రికలు రాజకీయ వార్తల్లో ఈ జంటని ధారాళంగా వాడతాయి. సినిమాలో అది 'తసమ', పత్రికల్లో 'తస్మ'. లేని మాటకి కూడా ఒత్తు పెట్టి శుద్ధి చేశారు!

నన్ను నిజంగా పట్టుకున్నది మాత్రం ఆ 'అసమదీయులు'. రాక్షసుల నాలుక తిరగక 'అస్మ' కాస్తా 'అసమ' అయింది. హాలంతా నవ్వే చోటు అది. ఆ ఆదివారం నేను నవ్వలేదు. ఆరో తరగతిలో ఒక బడిలో నేను పాఠం పైకి చదువుతూ 'భస్మం' బదులు 'బసమం' అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, ఇంకోసారి చెప్పమన్నారు, ఇంకోసారి నవ్వడానికి. మా ఇంట్లో అలాగే అనేవాళ్లు. మా నాయనమ్మ రత్నాన్ని 'రతనం' అనేది. అమ్మానాన్నలు నాట్లకీ కోతలకీ వెళ్లేవాళ్లు, ఒత్తులు సరిచేసే తీరిక ఎవరికుంది? ఆ తర్వాత రెండేళ్లు నేను క్లాసులో పైకి చదవలేదు. సారు పేరు పిలిస్తే గొంతు నొప్పనేవాణ్ణి.

ఎం.ఏ. మొదటి ఏడాది భాషా చరిత్ర క్లాసులో 'స్వరభక్తి' అనే పాఠం వచ్చింది. రెండు హల్లులు కలిసి పలకడం కష్టమైనప్పుడు మధ్యలో ఒక అచ్చు దూరుతుంది. శ్రీ – సిరి. రత్నం – రతనం. యత్నం – జతనం. ఇవన్నీ మీ పదో తరగతి వ్యాకరణంలో ప్రకృతి వికృతుల కింద ఉన్న మాటలే, కవులు పద్యాల్లో వాడినవే. అస్మ – అసమ కూడా అదే దారి. భస్మం – బసమం కూడా అదే దారి. మా నాయనమ్మ మాట పాఠంలో బోర్డు మీద ఉంది. నేను నోట్సు రాసుకోవడం ఆపి కాసేపు దానికేసే చూస్తూ కూర్చున్నాను. సినిమాలో కొత్త మాట పుట్టించిన శిష్యుణ్ణి ఘటోత్కచుడు కోప్పడడు, వీరతాడు వేయిస్తాడు. ఆ రాజు ముందు నేను చదివి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రతి వింత మాటా కల్పితమేనని కూడా అనుకోవద్దు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో మాంత్రికుడు అనే 'డింభక' పింగళి గారు పుట్టించిందేనని చాలామంది నమ్మకం. నేనూ నమ్మాను. అమరకోశం తీస్తే 'డింభ' అనే మాట శిశువుకున్న పర్యాయపదాల్లో ఉంది. డింభకుడంటే పిల్లవాడు. అలాగే 'దుష్టచతుష్టయం' భారతకథ చెప్పేవాళ్లకి పాతమాటే.

బయటి దేశాల్లోనూ ఈ వెతుకులాట ఉంది. ఇంగ్లండులో టోల్కీన్ అనే భాషాశాస్త్ర ఆచార్యుడు 1937లో 'ది హాబిట్' అనే నవల వేశాడు. హాబిట్లంటే నేలలో బొరియల్లో ఉండే పొట్టి మనుషులు. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారీలో పనిచేసినవాడు కాబట్టి, తను పుట్టించిన మాటకి బొరియ తవ్వేవాడు అని అర్థం వచ్చేలా వ్యుత్పత్తి కూడా తనే కల్పించాడు. 1973లో ఆయన పోయాక పాఠకులు పాత పుస్తకాలు తవ్వితే, మైఖేల్ డెన్హాం అనే 19వ శతాబ్దపు సేకర్త రాసుకున్న దయ్యాల పేర్ల పట్టికలో ఆ మాట దొరికింది. 1895లో అచ్చయిన సంపుటం అది. టోల్కీన్ దాన్ని చూశాడా, లేక చూడకుండానే ఒకే మాట రెండుసార్లు పుట్టిందా అన్నది తేలలేదు. నాకైతే రెండోది సాధ్యమే అనిపిస్తుంది. గిస్తకం అనే మాట ఈ రోజు ఎన్ని ఊళ్లలో ఎంతమంది నోట పుట్టి ఉంటుందో చూడండి.

తమ్ముళ్లూ, మీరు ఏదైనా మాటని వెతకాలంటే ముందు నిఘంటువు చూడండి. లేకపోతే పైకి పలికి చూసి, దాని పక్కన ఏ మాట ఉండేదో ఊహించండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఈ మూడోది నేను చివర చేశాను, మొదట చేయాల్సింది. నాయనమ్మ ఇప్పుడు లేదు.

చివరగా అన్నలకి ఒక విన్నపం. పప్పు నీళ్లగా వచ్చిన రోజు మనం 'బ్యారేజి' అనేవాళ్లం. 'ఇవాళ బ్యారేజి గేట్లెత్తారు రోయ్' అని పై అంతస్తు దాకా కేక వెళ్లేది. మేము చేరేటప్పటికే ఆ మాట ఉంది, మా సీనియర్లూ తాము చేరేటప్పటికే ఉందన్నారు. అది ఏ బ్యాచి వాళ్లు పెట్టారో తెలిసినవాళ్లు వార్షికోత్సవం రోజున నాకు చెప్పండి. నా నోటుపుస్తకంలో ఆ మాటకి ఒక పేజీ వదిలిపెట్టాను, పైన మాట తప్ప కింద ఏమీ లేదు.