తుపాకీ మీద ఇష్టం వేరు, తుపాకీ హక్కు వేరు

మన హాస్టల్లో తుపాకుల గురించి మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. పబ్‌జీ ఆడేవాడిని ఏ గన్‌కి రీకాయిల్ ఎక్కువ అని అడిగితే అరగంట క్లాసు పీకుతాడు. అదే మనిషిని "అమెరికాలో మామూలు జనానికి తుపాకీ ఉంచుకునే హక్కు ఉండాలా?" అని అడిగి చూడండి. "ఉండాలి బాస్, గన్స్ సూపర్ కదా!" అంటాడు. తిరకాసు ఇక్కడే ఉంది. మొదటి ప్రశ్న వస్తువు గురించి, రెండోది చట్టం గురించి. ఒకదానికి చెప్పిన జవాబు రెండోదానికి సరిపోదు.

ముందు ఆ హక్కు ఏంటో చూద్దాం.

అమెరికా రాజ్యాంగానికి రెండో సవరణ 1791లో వచ్చింది. పౌరసేన అవసరాన్ని ప్రస్తావిస్తూ, ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కుకి భంగం కలగకూడదని అది చెబుతుంది. మరి ఆ హక్కు పౌరసేనకి సంబంధించిందా, ఒక్కో మనిషికీ విడిగా ఉందా? దీని మీద చాలాకాలం వాదులాట నడిచింది. 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది: ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కే అని. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా. ఈ హక్కుకి హద్దులు ఉన్నాయని కూడా అదే తీర్పులో ఆయన రాశాడు. నేరస్థుల చేతికి తుపాకులు వెళ్లకుండా చేసే చట్టాలు, బడుల్లోకి తుపాకులు తేకూడదనే చట్టాలు చెల్లుతాయన్నాడు.

స్కాలియాకి వేట అంటే ప్రాణం. "ఇష్టం కాబట్టే అలా తీర్పిచ్చాడు" అని ఎవరికైనా అనిపించొచ్చు. కానీ 1989లో జాతీయ జెండా తగలబెట్టినవాడి కేసు వచ్చినప్పుడు ఏం చేశాడో చూడండి. జెండా తగలబెట్టేవాళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. అయినా అది భావప్రకటన హక్కు కిందకే వస్తుందన్న మెజారిటీతోనే నిలబడ్డాడు. హక్కుని సమర్థించడమంటే ఇదీ. మనకి నచ్చని పని, నచ్చని మనిషి చేస్తున్నప్పుడు కూడా "వాడికా హక్కుంది" అనగలగాలి.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, ఒక ట్రూత్ టేబుల్ వేసుకుందాం. ఇన్‌పుట్లు రెండు: తుపాకీ అంటే ఇష్టం, తుపాకీ హక్కుకి సమర్థన. వరుసలు నాలుగొస్తాయి. రెండూ 0 అయినవాళ్లు, రెండూ 1 అయినవాళ్లు మనకి తెలిసినవాళ్లే. టీవీ చర్చల్లో అరుచుకునేది వాళ్లే. అసలు విషయం తెలిసేది మిగతా రెండు వరుసల్లో.

ఇష్టం 1, హక్కు 0. దీనికి 1967 నాటి కాలిఫోర్నియా మంచి ఉదాహరణ. అప్పట్లో అక్కడ లోడ్ చేసిన తుపాకీని పైకి కనబడేలా పట్టుకుని వీధిలో తిరగడం నేరం కాదు. ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు తుపాకులతో పోలీసుల వెనకాలే తిరుగుతూ, నల్లవాళ్లతో ఎలా ప్రవర్తిస్తున్నారో గమనించేవారు. వెంటనే దాన్ని నిషేధించే మల్ఫోర్డ్ బిల్లు వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి వెళ్లారు. బిల్లు పాసైంది. సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. తుపాకులంటే ఆయనకేమీ అయిష్టం లేదు. తుపాకీ యజమానుల పెద్ద సంఘం ఎన్‌ఆర్‌ఏ కూడా ఆ బిల్లుని సమర్థించింది. అంటే తుపాకీ మీద ప్రేమ అలాగే ఉంది, అది ఎవరి చేతిలో ఉందన్నదే మారింది. చేతులు మారగానే హక్కు మీద మాట మారితే, అది మొదట్నుంచీ ఇష్టమే, సమర్థన కాదు.

ఇలాంటి పరీక్షే 2016లో మళ్లీ ఎదురైంది. మినెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడి కారుని పోలీసులు ఆపారు. తన దగ్గర తుపాకీ ఉందని అతనే అధికారికి చెప్పాడు. దానికి అతని దగ్గర లైసెన్సు ఉంది. క్షణాల్లో ఆ అధికారి కాల్పులకి బలైపోయాడు. ఎన్‌ఆర్‌ఏ అతని తరఫున గట్టిగా నిలబడలేదని ఆ సంస్థ సభ్యులే కొందరు తప్పుబట్టారు. ఆ సభ్యులకి హక్కు అంటే ఏంటో తెలుసన్నమాట.

ఇక ఇష్టం 0, హక్కు 1. దీనికి గొప్ప ఉదాహరణ అమెరికాలో కాదు, మన చరిత్రలోనే దొరుకుతుంది. బ్రిటిష్ దొరలకి షికారు అంటే మహా సరదా. అయినా 1878 ఆయుధాల చట్టంతో భారతీయులకి మాత్రం లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదన్నారు. యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చుకున్నారు. 1930 జనవరిలో, ఉప్పు సత్యాగ్రహానికి ముందు, గాంధీజీ ప్రభుత్వం ముందు పదకొండు డిమాండ్లు పెట్టారు. వాటిలో ఒకటి, ప్రజల అదుపుకి లోబడి ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్సులు ఇవ్వాలని! అహింసే ఊపిరిగా బతికిన మనిషికి తుపాకీ మీద మోజు ఉంటుందా? ఆయన అడిగింది తుపాకీ కోసం కాదు, దొరకి ఒక న్యాయం, మనకి ఒక న్యాయం ఏంటని. తర్వాత మన రాజ్యాంగంలో ఆయుధాల హక్కుకి చోటు దక్కలేదు. ఈరోజు 1959 చట్టం కింద లైసెన్సు తీసుకోవాల్సిందే. అది వేరే చర్చ.

ఇష్టానికీ సమర్థనకీ ఇంకో పెద్ద తేడా ఉంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. ఇష్టానికి కారణం చెప్పక్కర్లేదు. పాత రైఫిళ్ల పనితనం చూసి మురిసిపోయేవాడిని ఎవరూ సంజాయిషీ అడగరు. హక్కు అలా కాదు. అది అందరికీ వర్తించే నియమం, దానికి ఖర్చు ఉంటుంది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,000 మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. హక్కుని సమర్థించేవాడు ఈ అంకె ముందు నిలబడి జవాబు చెప్పాలి. "నాకు ఇష్టం" అన్నది జవాబు కాదు. అలాగే హక్కుని వ్యతిరేకించేవాడు కూడా "నాకు తుపాకులంటే అసహ్యం" అంటే చాలదు. పోలీసులు రావడానికి గంట పట్టే పల్లెలో ఒంటరిగా ఉండే మనిషి తనని తాను ఎలా కాపాడుకోవాలో అతనూ చెప్పాలి.

ఎంఎస్‌కి వెళ్లబోయే సీనియర్లకి ఒక మాట. అక్కడికి వెళ్లగానే ఫ్రెండ్స్ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తామంటారు, ఫోటోలు బాగుంటాయి కూడా. కానీ ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో కాసేపు చేత్తో పట్టుకున్నా ఇబ్బంది కావచ్చు. ఫ్రెండ్ మాట నమ్మకుండా, తెలిసిన లాయర్‌ని అడిగాకే అడుగేయండి. మీ ఇష్టం ఎంతున్నా, ఆ హక్కు మీకు లేకపోవచ్చు.

ఈసారి క్యాంటీన్‌లో ఈ చర్చ వస్తే రెండు ప్రశ్నలు అడగండి. "నీకు తుపాకీ అక్కర్లేకపోయినా ఈ హక్కు ఉండాలంటావా?" "నువ్వు భయపడే మనిషికి కూడా ఉండాలంటావా?" రెండింటికీ ఆలోచించి అవునన్నవాడు హక్కుని సమర్థిస్తున్నట్టు. కాదన్నవాడితో కూడా పేచీ ఏం లేదు, హాయిగా పబ్‌జీ ఆడుకోవచ్చు.