అఫేషియా: వాక్యం ఎక్కడ జారిపోతుంది?

అఫేషియా: మెదడు దెబ్బతిని భాష సన్నగిల్లడం. వినికిడి లోపం కాదు, బుద్ధిమాంద్యమూ కాదు. ప్రధాన కారణం పక్షవాతం (స్ట్రోక్).

బ్రోకా అఫేషియా (1861): ఎడమ ఫ్రంటల్ లోబ్, బ్రాడ్‌మన్ ప్రాంతాలు 44, 45. మాట తడబడుతుంది.
వెర్నికే అఫేషియా (1874): ఎడమ టెంపోరల్ లోబ్. మాట ధారాళం, అర్థం శూన్యం. ఎదుటివారి మాటా అందదు.

ఈ జత తారుమారు చేసి అడగడం పరీక్షకులకు అలవాటే.

అసలు మెలిక: బ్రోకా రోగికి అన్నీ అర్థమవుతాయన్నది పాతమాట. 1976లో పరిశోధకులు కారమజ్జా, జూరిఫ్ దాన్ని సవాలు చేశారు. ‘పిల్లాడు తిన్న జామకాయ’ అంటే చిక్కులేదు. కాయ పిల్లాణ్ని తినదు కదా! ‘కుక్క తరిమిన పిల్లి’, ‘కుక్కను తరిమిన పిల్లి’ పక్కపక్కన పెట్టండి. తేడా ఒక్క ‘ను’. ఎవరు ఎవరిని తరిమారో లోకజ్ఞానం చెప్పదు, వ్యాకరణమే చెప్పాలి. ఇలాంటి తారుమారయ్యే వాక్యాల దగ్గరే బ్రోకా రోగులు తడబడ్డారు.

టోకెన్ టెస్ట్ (1962): డి రెంజీ, విన్యోలో. రంగు బిళ్లలతో గ్రహణశక్తి పరీక్ష.

తప్పక చూడండి: దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. మొత్తం 21 వైకల్యాలు. అఫేషియా వల్ల కలిగే శాశ్వత లోపం ‘వాక్కు, భాషా వైకల్యం’ కిందికి వస్తుంది.