నిలువ ధాన్యము : ఎంత యున్నది? ఎట్లున్నది?

కుప్పలు నూర్చి ధాన్యము ఇల్లు చేరు దినములలో ఏ గ్రామమునకు పోయినను మొదట వినవచ్చు ప్రశ్న యొకటే: "ఈ యేటి గింజలు మరల పంట వచ్చువరకు సరిపోవునా?" పంచాయతీ సభ్యులు రచ్చబండ వద్ద కూర్చున్నను, చౌకధరల దుకాణము ముందు నిలిచినను ఈ మాటయే చెవిని పడును. ఇది ఊరక పుట్టిన భయము కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను పాడుచేసిన కరవును జనులు నందన కరవని తరతరములుగా చెప్పుకొనిరి. 1876-78 నాటి ధాత కరవు రాయలసీమను గుల్లచేసెను. అట్టి కాలములను దాటి వచ్చిన కుటుంబములవారు గాదె నిండనిదే నిశ్చింతగ నిద్రపోకుండుట సహజము.

అయితే భయము మితిమీరినప్పుడు నిలువయే కరవును పెంచునని 1943లో వంగదేశము చూపినది. ఆ సంవత్సరపు బియ్యపు లభ్యత అంతకుముందటి ఐదేండ్ల సగటుకంటె నూటికి 5 పాళ్లు మాత్రమే తక్కువయని ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున లెక్కకట్టి చూపెను. యుద్ధకాలపు వ్యయముతో ధరలు పెరుగుచుండగా, ఇంకను పెరుగునను ఆశతో వర్తకులును, రేపు దొరకదేమోయను భయముతో కలవారును గింజలను బిగపట్టిరి. బియ్యపు ధర కొలది నెలలలోనే రెండింతలు దాటెను. కూలివాని చేతిలో ఆ ధరకు తగిన డబ్బు లేకపోయెను. 20 నుండి 30 లక్షలమంది మరణించిరని పలువురు పండితుల అంచనా.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు అట్టి భయమే మరల తలయెత్తినది. ఉన్నవారు నెలలకు సరిపడు సరుకు ఒక్కపూటలో కొని దాచుకొనిరి. దినకూలీలకు దుకాణములో మిగిలినది అంతంతమాత్రమే. ఆ సంకటమున ఆదుకొన్నది 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ గిడ్డంగులలోని ధాన్యము. కార్డుదారులకు 2020 ఏప్రిల్ మొదలు మనిషికి నెలకు 5 కిలోల చొప్పున అదనపు ధాన్యము ఉచితముగ అందెను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము గ్రామీణ జనులలో నూటికి 75 మందివరకు ఆహారధాన్యముపై హక్కు కల్పించినది. 2023 జనవరి నుండి ఆ ధాన్యమునకు వెల లేదు. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద వర్తకులు ఎంత నిలువయుంచవచ్చునో ప్రభుత్వము హద్దు విధింపవచ్చును. 2023 జూన్‌లో కంది, మినుములపై అట్లే విధించిరి.

కావున "ఎంత యున్నది" అను ప్రశ్నకు నేడు కొంత సమాధానము దొరకినది. "ఎట్లున్నది" అను రెండవ ప్రశ్నకు మాత్రము సమాధానము రాజధానినుండి రాదు. గాదె మూత తీసి ఊరిలోనే చూచుకొనవలెను.

ఇది ఎంత ముఖ్యమో 1974లో జరిగిన ఒక విషాదము వలన తెలియును. రాజస్థానమునందలి బాంస్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాలు ఆనాడు ఒకదానినొకటి ఆనుకొనియుండెను. అచటి గిరిజనులకు మొక్కజొన్నయే ముఖ్యాహారము. ఆ యేడు కోతల వేళ అకాలవర్షములు కురిసెను. తడిసిన కండెలు సరిగ ఆరలేదు. వేరు గింజ లేనందున వాటినే ఇండ్లలో నిలువచేసి, బూజు కనబడినను దులుపుకొని తినిరి. కొన్ని వారములకు కండ్లు పచ్చబడి, కడుపులో నీరు చేరి జనులు మంచము పట్టిరి. ఆ ఇండ్ల కుక్కలును అదే రోగముతో చచ్చినవి. 150కి మించిన గ్రామములలో ఈ వ్యాధి కనబడెను. లెక్కకు వచ్చిన 397 మంది రోగులలో 106 మంది మరణించిరి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించిరి. రోగము వచ్చిన ప్రతిచోట బూజుపట్టిన మొక్కజొన్న తినుట కనబడెను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెరచినదని తేల్చిరి. ఆ జనులు దినమునకు 2 నుండి 6 మిల్లీగ్రాముల విషమును అనేక వారములు తినియుందురని వారి అంచనా. నేటి మన ఆహార ప్రమాణముల ప్రకారము కిలో ధాన్యములో ఇది 15 మైక్రోగ్రాములకు మించరాదు. మిల్లీగ్రాములో వేయవ వంతు మైక్రోగ్రాము. అనగా దినమునకు అరకిలో గింజ తిను మనిషికి ఈ హద్దులో చేరగలది ఏడున్నర మైక్రోగ్రాములు. ఆ నిర్భాగ్యులకు చేరినది అందుకు 250 రెట్లకు పైమాట.

ఈ విషమును నాలుక పట్టలేదు. బూజు దులిపినను గింజలోని విషము పోదు; మామూలు వంటసెగకు నశింపదు. మొట్టమొదట దీని ఉనికి తెలిసినది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు కారణము తెలియక చచ్చిపోగా, వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఈ విషము బయటపడెను. వేరుసెనగ పండించు అనంతపురము, కర్నూలు, మహబూబ్‌నగరు రైతులు ఈ సంగతి ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగినది.

2004లో ఆఫ్రికా ఖండమునందలి కెన్యా దేశమున ఇట్టిదే మరల జరిగినది. 317 మంది రోగగ్రస్తులు కాగా 125 మంది చనిపోయిరి. అచట కరవు వచ్చియుండెను. గింజలు దొంగలపాలగునను భయముతో రైతులు కండెలు పూర్తిగ ఎండకముందే కోసి, పచ్చివానినే తాము పండుకొను ఇండ్లలో దాచుకొనిరి. ఆకలికి వెరచి దాచిన గింజయే ప్రాణము తీసినది. మన దక్కను పీఠభూమిలోను 1995లో అకాలవర్షములకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న తిని 27 గ్రామములలో కడుపునొప్పి, విరేచనములు వ్యాపించెను. అది ఫ్యుమోనిసిన్ అను మరియొక బూజువిషము. ఆ గింజ తినుట మానిన పిమ్మట జనులు కోలుకొనిరి, ప్రాణనష్టము లేదు. కాని తడిసినవని తెలిసియు తిన్నవారు ఎవరు? వేరు గింజలు కొనలేని పేదలు. అకాలవర్షము పడిన యేడు పేదవాని గాదెను పంచాయతీ ముందుగా విచారింపవలెనని చెప్పుటకు ఇంతకంటె కారణమేల?

బూజు ఎందుకు పట్టును? గింజ నిర్జీవ వస్తువు కాదు. కోసిన తరువాతను అది ఊపిరి తీయుచునే యుండును. తడి గింజ వేగముగ ఊపిరి తీసి వేడిని, తేమను పుట్టించును. ఆ వేడికి, తేమకు బూజు, పురుగు రెండును పెరుగును. బస్తాలో మోచేతివరకు చేయి దూర్చినప్పుడు వెచ్చగ తగిలినచో లోపల చెడుట ప్రారంభమైనదని తెలిసికొనవలెను. జొన్నలు పాతరవేయు ఊళ్లలో పెద్దలు పాతర తెరచిన వెంటనే ఎవ్వరిని దిగనీయక, మొదట దీపము దించి చూచెడివారు. దీపము ఆరిపోయినచో లోపలి గాలి మనిషికి పనికిరాదని వారికి తెలియును. గింజల ఊపిరివలన నిండిన బొగ్గుపులుసు గాలియే అది. శాస్త్రము చదువకున్నను వారి జాగ్రత్త శాస్త్రసమ్మతమైనది. పాతరలున్న గ్రామములలో నేటికిని ఈ ఆచారమును విడువరాదు.

వడ్లలో తేమ నూటికి 14 పాళ్లకు తగ్గిననే కొన్ని నెలలు నిలువయుంచవచ్చును. ఏడాదివరకు ఉంచవలెనన్నచో 13కు లోపల ఉండవలెను. మొక్కజొన్నకు 12, వేరుసెనగ కాయకు 8 లేక 9 పాళ్లు తగినవి. ఈ అంకెలు చెప్పుచుండగా ఒక ఊరిలో వయసు మళ్లిన రైతు నవ్వి, "అయ్యగారూ, మిషను ఎందుకండీ? గింజను పంటికింద పెడితే తెలియదా?" అనెను. ఆయన మాటలో సత్యము కలదు. బాగుగ ఎండిన గింజ టక్కున విరుగును, పచ్చిది నలిగిపోవును. కాని ఆరీ ఆరని గింజ వద్ద పన్ను కూడ మోసపోవును. అందుకు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. మూతగల గాజుసీసా నొకదానిని ఎండబెట్టి, మూడవవంతు గింజలు పోసి, పెనముపై వేడిచేసి చల్లార్చిన పొడి ఉప్పు రెండు మూడు చెంచాలు వేయవలెను. మూత బిగించి కొన్ని నిమిషములు బాగుగ కుదిపి, పావుగంట ఊరకుంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొనినచో తేమ 15 పాళ్లకు పైన ఉన్నదన్నమాట. ఆ గింజను గాదెలో పోయరాదు. అంటకున్నచో 15కు లోపల ఉన్నది; అయినను మరియొక ఎండ చూపించుట మేలు.

ఎండబెట్టుటకు చోటు లేక రోడ్డుపై పోయువారు అనేకులు. రాత్రివేళ ఆ కుప్పలను గానక ద్విచక్రవాహనములవారు పడి చచ్చుట ప్రతి సంవత్సరము వినుచున్నాము. గింజలోను రాళ్లు, మట్టి కలియును. పది కుటుంబములకు పనికివచ్చు సిమెంటు కళ్ళము, వాన వచ్చినప్పుడు కప్పుటకు కొన్ని టార్పాలిన్లు పంచాయతీ పూనుకొన్నచో సాధ్యము కానివి కావు.

ఇక గాదెలు, గుమ్ములు, గడ్డిపురులు, ఇనుప డబ్బాలు; ఏదైనను కొత్త గింజ పోయుటకు ముందు పాత గింజను పూర్తిగ తీసి, పగుళ్లు పూడ్చి, అలికి ఆరనీయవలెను. పాత గింజలోని ముక్కుపురుగు కొత్త గింజకు ప్రాకును. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టుట, వేపాకు వేయుట, పెసలలో బూడిద కలుపుట మొదలైన మన ఆడవారి పద్ధతులు మంచివి. పప్పుధాన్యపు పురుగు చేనిలోనే కాయపై గ్రుడ్డు పెట్టి ఇంటికి వచ్చును గనుక, ఇంటిలోని శుభ్రత ఒక్కటియే చాలదు. ఇనుప డబ్బాలో మాత్రము తడి గింజ పోసినచో గాలియాడక మరింత త్వరగ చెడును. డబ్బా కొన్నామను ధైర్యముతో ఎండబెట్టుట మానినవారు నష్టపోవుదురు.

పురుగుమందుల విషయము గట్టిగ చెప్పవలసియున్నది. అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్లలు తేమ తగులగనే ప్రాణాంతకమైన వాయువును విడుచును. శిక్షణ పొందినవారు గిడ్డంగులలో వాడవలసిన మందు అది. మనుష్యులు పండుకొను ఇంటిలోని బస్తాల నడుమ ఆ బిళ్లలు పెట్టరాదు. ఖాళీ మందు డబ్బాలలో నూనె, గింజ, నీరు ఏవియు పోయరాదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియుండెను. మన ఊరి పాఠశాల వంటగదిలో నూనె ఏ డబ్బాలో ఉన్నది, ఆ గదిలో మరేమి ఉంచుచున్నారు అని వార్డు సభ్యుడు స్వయముగ పోయి చూచుటకు అధికారి ఉత్తరువు అక్కరలేదు.

ప్రమాణములనుగూర్చిన భయములన్నియు సరియైనవి కావు. 2021 తరువాత చౌకధరల బియ్యములో పోషకములు చేర్చిన గింజలు కలిపి ఇచ్చుట ప్రారంభమైనప్పుడు పెక్కు గ్రామములలో "ప్లాస్టిక్ బియ్యము వచ్చినది" అను పుకారు లేచెను. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలికామ్లము, బి12 విటమిను కలిపి గింజవలె అచ్చుపోసి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపినవి అవి. రంగు కొంచెము వేరుగ ఉన్నందున ఆడవారు చేటలో ఏరి పారవేసిరి. ముందే ఒక పలక వ్రాసి దుకాణము వద్ద కట్టియున్నచో ఇంత గందరగోళము లేకపోవును. అయితే పుకారుల నెపమున నిజమైన ఫిర్యాదును కూడ త్రోసిపుచ్చరాదు. ముక్కవాసన, ముద్దకట్టుట, పురుగు, బూజు కనబడిన బస్తాను పంచకుండ నిలిపి, తూనికకు ముందే మార్చి ఇమ్మని అడుగుట ప్రజల హక్కు. ఆహార భద్రతా చట్టము దుకాణపు స్థాయిలోనే నిఘా సంఘము ఉండవలెనని చెప్పుచున్నది. అందు స్థానిక సంస్థలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు ప్రాతినిధ్యము ఈయవలెను. మీ ఊరిలో ఆ సంఘము ఉన్నదా, కాగితము మీదనే ఉన్నదా?

అంగడిలో కొన్న వస్తువుపై అనుమానము కలిగినచో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద కొన్నవారే దానిని ప్రభుత్వ ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. కొనునప్పుడే ఆ ఉద్దేశమును వర్తకునకు తెలుపవలెను. నిర్ణీత రుసుము చెల్లింపవలెను. వస్తువు ప్రమాణమునకు తక్కువయని తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును. ఈ సంగతి తెలిసినవారు గ్రామములలో చాల కొద్దిమంది.

ఊరి నిలువను ఊరే కాపాడుకొనుటకు జహీరాబాదు ప్రాంతము ఒక దారి చూపినది. అచట దక్కను డెవలప్‌మెంట్ సొసైటీలోని పేద స్త్రీల సంఘములు బీడుభూములను సాగుచేయించి, పండిన జొన్నలను గ్రామముననే నిలువచేసి, పని దొరకని నెలలలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చు పద్ధతిని 1990 తరువాతి దశాబ్దమున ప్రారంభించినవి. ఎవరికి ఈయవలెనో నిర్ణయించినది కూడ ఊరివారే. ఇట్టి ధాన్యపు కొట్టు పెట్టదలచిన పంచాయతీ మొదట సమకూర్చుకొనవలసినవి పెద్ద భవనము, తాళపుచెవులు కావు: నేలకు జానెడెత్తున చెక్కబల్లలు, గోడకు బస్తాకు నడుమ మనిషి పట్టునంత సందు, ఎలుక దూరని తలుపు, పదిహేను దినముల కొకసారి బస్తాలో చేయిపెట్టి చూచి పుస్తకములో వ్రాయు ఒక మనిషి, అలమరలో ఒక గాజుసీసా, పొడి ఉప్పు.