గురుకులం సీటు కోసం పాపను ఖమ్మం పంపాలా?

సమస్య

అక్కా,

మాది దుమ్ముగూడెం మండలం, పర్ణశాలకు దగ్గరలో ఊరు. మేం కోయవాళ్లం. నేను ఏడో తరగతి దాకా చదివాను, మా ఆయన ఎనిమిదిలో మానేశాడు. రెండెకరాల్లో మిర్చి వేస్తాం. మా తోటలో పని లేనప్పుడు పక్క తోటల్లో కాయలు ఏరడానికి కూలికి పోతాను. మాకు ఒక పాప, ఒక బాబు. పాప మా ఊరి బడిలోనే నాలుగో తరగతి చదువుతుంది. అక్కడ ఐదు తరగతులకీ కలిపి ఇద్దరే సార్లు.

పోయినేడు మా ఆడబిడ్డ కూతురికి ఆడపిల్లల గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో వేరే ముచ్చట లేదు. మా పాపకి కూడా రావాల్సిందేనని మా ఆయన పట్టు పట్టాడు. ఎక్కడి నుంచో గైడు కొనుక్కొచ్చాడు. తెల్లారకముందే నాలుగున్నరకి పాపను లేపుతాడు. రాత్రి అన్నం తిన్నాక మళ్లీ ప్రశ్నలు అడుగుతాడు. కొట్టడు, ఆ మాట అబద్ధమాడను. కానీ పాప తప్పు చెప్పినప్పుడల్లా ‘‘సీటు రాకపోతే నువ్వూ మీ అమ్మలాగ మిరపకాయలు ఏరుకుంటావు’’ అంటాడు. ఆ మాట అన్నప్పుడు పాప నా చేతుల వైపు చూస్తుంది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇప్పుడు ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పరీక్ష అయ్యేదాకా అక్కడే ఉంచుకుని చదివిస్తామన్నారట. ముప్పై ఐదు వేలు. మిర్చి అమ్మినాక కడతానని మా ఆయన ఒకరి దగ్గర అప్పు కూడా మాట్లాడుకున్నాడు.

పాపకి పొద్దున పూట కడుపునొప్పి వస్తోంది. ఆదివారం రాదు. బళ్లో సార్‌ని అడిగితే, ‘‘పిల్ల తెలివైందే. లెక్క నోటితో చెప్తే టక్కున చేస్తుంది, పేపర్లో చదివి చేయమంటేనే ఆగిపోతుంది’’ అన్నాడు. ఇంట్లో మేం కోయలోనే మాట్లాడుకుంటాం. ఇంగ్లీషు నాకు అక్షరాల వరకే వచ్చు. ఏం సాయం చేయగలను?

మా అత్త ‘‘ఇంత చిన్న ఆడపిల్లని హాస్టల్లో వేస్తారా’’ అని నన్నే అంటుంది. నాకు పాప చదవాలని ఉంది. పంపాలంటే భయంగానూ ఉంది. ఖమ్మం పంపమంటారా? సీటు రాకపోతే పాప చదువు ఇంతేనా? మా ఊరి పేరు, నా పేరు వేయొద్దు.

– ఒక తల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

సలహా

చెల్లీ,

ఖమ్మం పంపొద్దు. ఆ అప్పు చేయొద్దు. పరీక్ష మాత్రం తప్పకుండా రాయించు. ఎందుకంటున్నానో ఒక్కొక్కటే చెబుతాను, ఈ ఉత్తరం మీ ఆయనకీ చదివి వినిపించు.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. ఎస్సీ, గిరిజన, బీసీ, సాధారణ గురుకులాలు నాలుగింటికీ కలిపి పెట్టే ఐదో తరగతి ప్రవేశ పరీక్ష అది. రెండు గంటలు, 100 మార్కులు. తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయిలోవే. అంటే వందలో తొంభై మార్కులకు కావలసిన పుస్తకాలు ఇప్పుడు మీ పాప సంచీలో ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి గైడు బట్టీ పట్టిస్తే పిల్లకి ప్రశ్నలు గుర్తుంటాయేమో గానీ పాఠం రాదు. పరీక్షలో అంకె మారిస్తే చాలు, తెల్లమొహం వేస్తుంది.

నీకు ఇంగ్లీషు రాదని బాధపడ్డావు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చవుతున్నాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. ఏడు చదివిన నువ్వు తెలుగు పేజీ చదవగలవు. పాపని ఎదుటి పేజీ చదవమను. నీళ్లు, చెట్టు, రైతు అన్న మాటలకు ఇంగ్లీషు ఏమిటో తనే వెతికి నీకు చెప్పాలి. నువ్వు పంతులమ్మవి కానక్కర్లేదు, వినేదానివైతే చాలు. అమ్మకి నేర్పుతున్నానన్న ఉత్సాహంలో పిల్ల నేర్చుకునేది ఎక్కువ.

మీ సార్ చెప్పిన మాట బంగారం లాంటిది. నోటితో చెబితే చేసే పిల్ల చదివి చేయలేకపోతోందంటే లోటు లెక్కల్లో లేదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి, గురుకులంలో పాఠాలు చెప్పే భాష మూడోది. ఈ ఇబ్బంది మీ ఇంటిదొక్కటే కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2000 దశకం తొలి ఏళ్లలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తయారు చేయించింది ఇందుకే. ఇంట్లో నువ్వు చేయాల్సింది చిన్న పని. లెక్కను పాప చేత తెలుగులో పైకి చదివించు. చదివినదాన్ని కోయలో నీకు చెప్పమను. అప్పుడు చేయమను. రోజుకు నాలుగు లెక్కలు చాలు. కోయలో చెప్పగలిగిందంటే అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఏ మాట దగ్గర ఆగిందో నీకే తెలిసిపోతుంది. ఖమ్మంలో వంద మంది మధ్య కూర్చోబెట్టే చోట ఈ పని చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక ఓఎంఆర్ షీటు. నాలుగో తరగతి పిల్లలకు పెన్సిలు, రబ్బరు అలవాటు. అక్కడ బాల్‌పెన్నుతో గుండ్రాలు నింపాలి, నింపింది చెరపడం కుదరదు. తెలియని ప్రశ్నని వదిలేసి, తర్వాతి జవాబును పొరపాటున ఆ వరసలోనే నింపిందంటే అక్కడి నుంచి అన్నీ ఒక్కో వరస జరిగిపోతాయి. తెలిసిన జవాబులన్నీ తప్పవుతాయి. చిన్న గుండీ పెట్టి కాగితం మీద నాలుగేసి గుండ్రాలు గీసివ్వు. ప్రశ్న నంబరు మీద ఎడమచేతి వేలు పెట్టి, అదే నంబరు వరసలో నింపడం అలవాటు చేయి. ఆదివారం ఆదివారం ఒక పాత పేపరు పదకొండు నుంచి ఒంటిగంట దాకా కదలకుండా రాయనీ. మెంటల్ ఎబిలిటీకి గైడు కంటే వాకిలి నయం. సగం ముగ్గు నువ్వు వేసి, మిగతా సగం తనని పూర్తి చేయమను. పరిసరాల విజ్ఞానంలో ఆకులు, వేర్లు, వాగు, పశువులు మీ పిల్లకి ఒకరు చెప్పాల్సినవి కావు. పుస్తకంలో వాటిని ఏ పేరుతో పిలిచారో తెలుసుకుంటే సరిపోతుంది.

చదువు రోజుకు గంటన్నర, అదీ సాయంత్రం. నాలుగున్నరకి లేపడం ఇవాళే ఆపండి. ఈ వయసు పిల్లలకు తొమ్మిది గంటల నిద్ర తక్కువ కాకూడదు. ఈమధ్య ఏళ్లలో ఈ పరీక్ష ఫిబ్రవరిలో పెడుతున్నారు. మీ వైపు సరిగ్గా మిర్చి ఏరే రోజులు. కూలీలు దొరకలేదని ఆ నెలలో పాపని తోటకి తీసుకెళ్లకండి, తమ్ముడిని చూసుకోమని ఇంట్లో ఆపకండి. కోచింగ్ కంటే బడి మానకపోవడం ఎక్కువ మార్కులు తెస్తుంది.

కడుపునొప్పిని ముందు పీహెచ్‌సీ డాక్టరుకి చూపించు. నులిపురుగులో, రక్తం తక్కువో అయితే మందు ఉంటుంది. ఒంట్లో ఏమీ లేదంటే అది భయం. ఆదివారం రాని నొప్పి చాలాసార్లు అదే. నాటకం అనకు, నొప్పి నిజంగానే వస్తుంది.

ఆ భయానికి మూలం మీ ఆయన మాటలో ఉంది. ఆయన చెడ్డవాడు కాడు. ఎనిమిదిలో తన చదువు ఆగిపోయింది, కూతురిది ఆగకూడదని ఆత్రం. కానీ ‘మీ అమ్మలాగ’ అన్నప్పుడు ఆయన నీ పనిని పిల్ల ముందు శిక్షగా నిలబెడుతున్నాడు. ఆ పనితోనే మీ ఇల్లు నడుస్తోంది. రేపు సీటు వస్తే పాప అమ్మ పనిని చిన్నచూపు చూస్తుంది. రాకపోతే తనకు తానే శిక్ష వేసుకుంటుంది. రెండూ మనకొద్దు. ఈ మాట ఆయనతో పిల్లలు నిద్రపోయాక చెప్పు. ‘నా పని చూపించి పిల్లని భయపెట్టకు’ అని నేరుగా చెప్పు. తగ్గి చెప్పాల్సిన మాట కాదిది.

సీటు అంటే ఏమిటో కూడా ఇద్దరూ తెలుసుకోవాలి. అది మార్కు ఒక్కదాని మీదే తేలదు. రిజర్వేషను, మీరు రాసిన బడుల వరస, ఆ బడిలో ఉన్న ఖాళీలు అన్నీ కలిసి తేలుస్తాయి. అందుకే ఇంచుమించు ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవచ్చు. ఇంగ్లండులో పదకొండేళ్ల పిల్లలకు గ్రామర్ స్కూళ్లలో చేరడానికి ఇలాంటి పరీక్షే ఉంది. బర్మింగ్‌హామ్ నగరంలో ఒకప్పుడు అలాంటి సీట్లు అబ్బాయిలకు 540 ఉంటే అమ్మాయిలకు 360. దాంతో అమ్మాయిలు అబ్బాయిలకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే గానీ చేర్చుకునేవారు కాదు. ఇది వివక్షేనని 1989లో అక్కడి పై కోర్టు, హౌస్ ఆఫ్ లార్డ్స్, తీర్పిచ్చింది. అంతకుముందు సీటు రాని అమ్మాయిలు ఎంతమంది తమకు తెలివి లేదనుకుని ఉంటారో! తక్కువైంది సీట్లు, తెలివి కాదు. మీ ఆడబిడ్డ కూతురితో పోలిక ఇక కట్టిపెట్టండి.

సీటు రాకపోతే చదువు ఇంతేనా అన్నావు. కానే కాదు. ఐదో తరగతి మీ బడిలోనే చదువుతూ వచ్చే ఏడు ఆరో తరగతికి మళ్లీ ప్రయత్నించవచ్చు. గురుకులాల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీలుంటే వాటికీ పరీక్ష పెడుతున్నారు. ఏకలవ్య పాఠశాలలు ఆరో తరగతి నుంచే మొదలు. తరగతికి 30 మంది అమ్మాయిలు, 30 మంది అబ్బాయిలు. మీ దుమ్ముగూడెంలోనూ, పక్కన చర్లలోనూ ఉన్నాయి. నవోదయ ఉంది. ఐదో తరగతిలో ఉండగా ఒక్కసారే రాయాలి, 80 ప్రశ్నలు, రెండు గంటలు. అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి. ఉమ్మడి ఖమ్మం జిల్లా నవోదయ పాలేరులో ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వేరుగా ఒకటి 2024 డిసెంబరులో మంజూరైంది కాబట్టి దరఖాస్తు వేళకి మీది ఏదో సార్‌ని అడుగు. ఏ పరీక్షా లేకుండా ఆరులో చేరేందుకు ఆడపిల్లల కోసమే కస్తూర్బా విద్యాలయాలున్నాయి. భద్రాచలం ఐటీడీఏ కింద బాలికల ఆశ్రమ పాఠశాలలు ఉండనే ఉన్నాయి. ఈ పేర్లన్నీ పాపకి చెప్పు. ఇదొక్కటే దారి కాదని తెలిసిన పిల్ల చేయి పరీక్షలో వణకదు.

ఇప్పుడు మీ అత్త మాట. ఆమె భయాన్ని కొట్టేయకు. హాస్టళ్లలో తిండి బాగాలేక పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు ఆమె చెవినా పడే ఉంటాయి. 2024 చివర్లో ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచి, మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు చేసింది. అయినా వెళ్లినప్పుడల్లా ఏం తిన్నావని అడగాల్సింది మనమే. అయితే ఇదే గురుకులాల నుంచి వెళ్లి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు పిల్లల్లో ఆనంద్‌ది మీ పక్క చర్ల మండలమే. అతనితో ఎక్కిన పూర్ణ అప్పటికి పదమూడేళ్ల గిరిజన ఆడపిల్ల. ఈ సంగతీ అత్తకి చెప్పు. అందరూ కొండలు ఎక్కాలని కాదు. ఇల్లు వదిలి వెళ్లిన ఆడపిల్లలు నిలబడ్డారని.

పరీక్షకంటే ఎక్కువగా గురుకులంలో చేరే జూన్ నెలకి పిల్లని తయారు చేయాలి. తన జడ తను వేసుకోవడం, తన బట్టలు తను ఉతుక్కోవడం, ఒంట్లో బాగోలేకపోతే మేడమ్‌కి చెప్పడం ఇప్పటి నుంచే నేర్పు. నెలసరి గురించి నువ్వే ముందుగా చెప్పు, అక్కడ తొలిసారి చూసి బెదిరిపోకుండా. మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ, పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరూ నోటికి రావాలి. ఎవరైనా తాకకూడని చోట తాకితే ఎవరికి చెప్పాలో తెలియాలి. వెళ్లడం తనకిష్టమేనా అని ఒక్కసారైనా అడిగారా? అడగండి. వద్దంటే కారణం వినండి. ఒక ఏడాది ఆగి ఆరులో పంపినా కొంపలేం మునగవు.

చివరిగా కాగితాలు. చదువు బాగుండి కాగితాల దగ్గర ఆగిపోయే పిల్లలు మన వైపు తక్కువేం కాదు. మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలకు ఇప్పుడే పెట్టండి. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు. ఆధార్‌లో, బడి రిజిస్టరులో పాప పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. రుసుము ఈమధ్య ఏళ్లలో వంద రూపాయలే ఉంటోంది. బడుల వరస నింపేటప్పుడు సార్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు వెళ్లి రాగలిగే దూరంలో ఉన్న ఆడపిల్లల గురుకులాన్ని ముందు రాయండి. పేరున్న బడి అని అందనంత దూరంలో ఉన్నదాన్ని మొదట పెట్టకండి.

ముప్పై ఐదు వేల అప్పుతో కొనేది మీ పాప సంచీలో ఉన్న పాఠాలనే. పాపని ఇంట్లో ఉంచి చదివించండి, కంటినిండా నిద్రపోనివ్వండి, గడువులోపు దరఖాస్తు పెట్టండి.