క్లోమశోథం: రోగికి ఆహారం ఎప్పుడు, ఎలా?

పొట్ట పైభాగంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టి వీపులోకి పాకడం, వాంతులు ఆగకపోవడం క్లోమశోథానికి ముఖ్య లక్షణాలు. వైద్యులు దీనిని అక్యూట్ పాంక్రియాటైటిస్ అంటారు. పిత్తాశయంలోని రాళ్లు, మద్యపానం ప్రధాన కారణాలు. గ్యాస్ నొప్పిగా భావించి ఇంటివద్ద కాలయాపన చేయరాదు. అంకులి వాసులు 108 అంబులెన్సును పిలిచి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి చేరవచ్చును.

క్లోమం జీర్ణరసాలను తయారుచేసే గ్రంథి. ఈ వ్యాధిలో ఆ రసాలు గ్రంథినే దెబ్బతీస్తాయి. అందుచేత క్లోమానికి విశ్రాంతి కావాలని తలచి, పూర్వం రోగిని పస్తుంచి పోషకాలను రక్తనాళం ద్వారా ఎక్కించేవారు. నేడు ఆ పద్ధతి మారింది. పేగులకు ఆహారం అందనప్పుడు వాటి లోపొర బలహీనపడుతుంది. అక్కడి సూక్ష్మక్రిములు దాటివచ్చి, క్లోమంలో మృతిచెందిన కణజాలానికి సోకే ప్రమాదమున్నది. కనుక పేగుల ద్వారా పోషణకే ప్రథమ స్థానం. అది సాధ్యపడనప్పుడే రక్తనాళ మార్గం.

వ్యాధి స్వల్పమైతే, రోగి తినగలిగిన వెంటనే కొవ్వు తక్కువగల మెత్తని ఆహారం ఇస్తారు. తీవ్రమై నోటితో తినలేకపోతే, సాధారణంగా 24 నుంచి 72 గంటలలో ముక్కు గొట్టం ద్వారా ద్రవాహారం ఆరంభిస్తారు. గొట్టం అనగానే రోగిపై ఆశ వదులుకున్నారని బంధువులు బెంగపడతారు. అది సరికాదు, గొట్టం చికిత్సలో ఒక భాగం. దాని కొన జీర్ణాశయంలో ఉన్నా, చిన్నపేగులో ఉన్నా చాలామందికి సరిపోతుందని 2006లో ప్రచురితమైన ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనం సూచించింది.

తీవ్ర వ్యాధిలో కండరాలు త్వరగా క్షీణిస్తాయి. అరవై కిలోల రోగికి రోజుకు దాదాపు 1500 నుంచి 1800 కిలోకేలరీలు, 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పలుచని గంజితో ఇవి సమకూరవు. బంధువులు గంజిగాని, పాలుగాని, కొబ్బరినీరుగాని తమంతట తాము గొట్టంలో పోయరాదు. ఆహారం ఇచ్చేటప్పుడు రోగి తలవైపు ఎత్తుగా ఉంచాలి. వాంతి, పొట్ట ఉబ్బరం, దగ్గు కనిపిస్తే వెంటనే నర్సుకు తెలపాలి.

ఒడియాలో చెప్పిన మాట అర్థం కాకపోతే మరల అడగడానికి సంకోచించరాదు. ఇంటికి వెళ్లేముందు మూడు విషయాలు తెలుసుకోవాలి: ఏ ఆహారం తినవచ్చును, నూనె ఎంత తగ్గించాలి, రాళ్లుంటే శస్త్రచికిత్స ఎప్పుడు? మద్యం మాత్రం పూర్తిగా మానవలసినదే.