జలాశయం లెక్క: నిండితే ఒక భయం, ఎండితే ఒక భయం



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ఇంజనీరింగు నాకు రాదు. కానీ ప్రభుత్వ నీటి పథకాల్లో సగం జమాఖర్చుల లెక్కే. చెన్నై నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం - ఈ నాలుగు జలాశయాలూ నిండితే సుమారు 11 టి.ఎం.సి.ల నీరు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది చాలకనే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.ల కృష్ణా నీరు ఇవ్వడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఒప్పందంతో తెలుగుగంగ పథకం వచ్చింది.

ఇక వరద సంగతి. చెంబరంబాక్కం సామర్థ్యం సుమారు 3.6 టి.ఎం.సి.లు. 2015 నవంబరు వానలకే అది చాలావరకు నిండింది. డిసెంబరు 1న మళ్లీ కుంభవృష్టి. అడయారు నదిలోకి సెకనుకు 29,000 ఘనపుటడుగుల వరకు వదిలారు. దాన్ని రోజుకున్న 86,400 సెకన్లతో హెచ్చవేయండి. ఆ వేగంతో రోజంతా వదిలితే 2.5 టి.ఎం.సి.లు! ఒడ్డునున్న కాలనీలు మునిగాయి. నీరు వదిలిన తీరును 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక తప్పుపట్టింది.

ముందే కొంచెం కొంచెంగా వదిలి ఖాళీ ఉంచవచ్చు కదా అంటారు. నిజమే. కానీ వదిలాక వాన రాకపోతే? 2019 వేసవిలో నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చారు.

బ్యాంకులో సగటు నిల్వ బాగుందని కనీస నిల్వ సంగతి మరచిపోతే చెక్కు తిరిగి వస్తుంది. నీటికీ అంతే. 2015నూ 2019నూ కలిపి సగటు కడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే రెండు అంచులకూ విడివిడిగా లెక్క వేయాలి.

నాకు తోచిన ముఖ్య విషయం ఇది: వరదకు ఖాళీ ఉంచే ధైర్యం కరవుకు రెండో ఆధారం ఉంటేనే వస్తుంది. మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో రోజుకు పది కోట్ల లీటర్ల చొప్పున సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు వచ్చాయి. ఖర్చు ఎక్కువే, బీమా ప్రీమియం అనుకోండి.

సాధన: మీకు దగ్గరలోని జలాశయం గురించి ఈ మూడూ తెలుసుకుని రాయండి.
1. నిండు సామర్థ్యం ఎంత?
2. వానాకాలంలో వరద కోసం ఎంత ఖాళీ ఉంచుతారు?
3. వాన తప్పితే రెండో ఆధారం ఏది?

మూడో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, రెండో జవాబు కాగితం మీదే ఉండిపోతుందని గుర్తుంచుకోండి.