కంపెనీలు చేతులు మారితే పటాలు పనిచేస్తాయా?

చేపలవేట అనగానే మనకు వల, గాలం గుర్తొస్తాయి. అమెరికా సరస్సుల్లో సరదాగా గాలం వేసేవారు పడవలో ఫిష్ ఫైండర్ అనే పరికరం కూడా పెట్టుకుంటారు. అది నీటిలోకి ధ్వని తరంగాలను పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్నిబట్టి లోతు చెబుతుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. ప్రతిధ్వని 0.02 సెకన్లలో తిరిగివస్తే లోతు 15 మీటర్లన్నమాట.

అయితే ఇది పడవ కింది లోతు మాత్రమే. సరస్సంతటి లోతులు తెలియాలంటే పటం కావాలి. అది మెమరీ కార్డులో దొరుకుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

లేక్‌మాస్టర్ అనే సంస్థ పటాలు ఒకప్పుడు లోరెన్స్ పరికరాల్లోనూ పనిచేసేవి. 2010లో ఆ సంస్థను జాన్సన్ అవుట్‌డోర్స్ కొన్నది. హమ్మిన్‌బర్డ్ పరికరాలు కూడా ఈ కంపెనీవే. దాంతో కొత్త లేక్‌మాస్టర్ కార్డులు హమ్మిన్‌బర్డ్‌కే పరిమితమయ్యాయి. లోరెన్స్ కొన్నవారి పరికరం చెడిపోలేదు, పాత కార్డూ చెడిపోలేదు. కానీ కొత్తగా కొలిచిన సరస్సుల పటాలు వారికి అందలేదు.

2017లో గార్మిన్ సంస్థ నావియోనిక్స్ పటాల సంస్థను కొన్నది. లోరెన్స్ పరికరాలు, సీ-మ్యాప్ పటాలు రెండూ ఉన్న నావికోను 2021లో బ్రన్స్‌విక్ కొన్నది. ఇలా తాళం, తాళంచెవి ఒకే ఇంటికి చేరాయి.

ఇందులో మనకు పాఠం ఏమిటి? వస్తువు కొనేముందు ధర ఒక్కటే కాదు, అది ఏ కార్డులు, ఏ ఫైళ్లు తెరుస్తుందో చూడాలి. గాలం వేసేవారు తాము గుర్తుపెట్టుకున్న చోట్లను చాలా పరికరాలు చదవగల జీపీఎక్స్ ఫైలుగా దాచుకుంటే, పరికరం మారినా శ్రమ వృథా కాదు. మిత్రులారా! కంప్యూటర్‌లో మనం దాచుకునే నోట్సుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.